కిక్ కొట్టినప్పుడల్లా తుంటిలో టక్కుమంటోంది, మానెయ్యాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఎనిమిది నెలలుగా కరాటే నేర్చుకుంటున్నారు. సైడ్ కిక్, రౌండ్‌హౌస్ (కాలు పక్కనుంచి తిప్పి కొట్టే కిక్) కొట్టినప్పుడల్లా కుడి తుంటి ముందువైపు టక్కున చప్పుడు వస్తోంది. నొప్పి లేదు. స్ట్రెచింగ్ పెంచమని ఒకరన్నారు, కీలు అరిగిపోతుంది మానెయ్యమని ఇంకొకరన్నారు. వచ్చే నెల బెల్ట్ టెస్ట్, వెళ్లాలా వద్దా అని టెన్షన్.

నేను డాక్టర్ని కాను. తైక్వాండో చేస్తాను, అదీ ఇరవై తొమ్మిదేళ్లప్పుడు మొదలుపెట్టాను. అప్పటిదాకా రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం తప్ప ఒంటికి వేరే పని లేదు. నాలుగో నెలలో ఈ చప్పుడు మొదలైంది. వరసలో నిలబడి సైడ్ కిక్ కొడుతుంటే మాస్టర్ కొరియన్‌లో 'హనా, దుల్, సెత్' అని లెక్కపెడతారు కదా, ప్రతి అంకె తర్వాత నా తుంటి ఒక 'టక్' కలిపేది. పక్కన నిలబడే కుర్రాడు "అన్నా, మీరు కూడా లెక్కపెడుతున్నారా?" అనేవాడు. నవ్వేసేవాణ్ణి గానీ ఇంటికెళ్లాక భయం వేసేది.

ఆ భయంలో రెండు తప్పులు చేశాను. మీరు చేయకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను. మొదటిది, కండరం బిగుసుకుపోయిందనుకుని రోజూ పొద్దున, రాత్రి మోకాలి మీద కూర్చుని తుంటి ముందుభాగాన్ని లాగి లాగి పెట్టడం. రెండోది, క్లాసుకి ముందు కాలు పక్కకి తిప్పి కావాలని టక్కుమనిపించడం. మెటికలు విరుచుకుంటే హాయిగా ఉన్నట్టు, ఒకసారి చప్పుడైతే కాలు వదులైనట్టు అనిపించేది. రోజుకి ముప్ఫై నలభై సార్లు చేసుంటాను. రెండు నెలలు తిరిగేసరికి గజ్జల్లో సన్నగా లాగడం మొదలైంది. ముందు మెట్లెక్కుతుంటే, తర్వాత సాక్సు వేసుకోవడానికి కాలు ఎత్తితే. అంటే నొప్పి లేని చప్పుడుని నేనే పనిగట్టుకుని నొప్పిగా మార్చుకున్నాను.

అప్పుడు వెళ్లాను ఫిజియో దగ్గరికి. ఆవిడ నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు మడిచి పొట్టవైపు తెచ్చి, పక్కకి తెరిచి, అక్కణ్ణుంచి నెమ్మదిగా కాలు చాపి లోపలికి తెచ్చింది. టక్. రెండోసారి గజ్జ దగ్గర బొటనవేలు గట్టిగా నొక్కిపెట్టి అదే చేసింది. ఈసారి చప్పుడు లేదు. "కీలు కాదండీ, దాని ముందునుంచి పోయే టెండన్" అంది.

టెండన్ అంటే కండరాన్ని ఎముకకి కలిపే తాడులాంటి పట్టీ. నా విషయంలో ఆ కండరం పేరు ఇలియోసోయస్. నడుము వెన్నుపూసల పక్కనుంచీ, కటి ఎముక లోపలి వైపునుంచీ బయల్దేరి, తుంటి కీలుకి ముందుగా దిగి, తొడ ఎముక పైభాగంలో లోపలి వైపు అతుక్కుంటుంది. మోకాలు పైకెత్తే పని ప్రధానంగా దీనిదే. కాలు ఎత్తి పక్కకి తెరిచినప్పుడు దీని టెండన్ ఒక పక్కకి జరుగుతుంది. కాలు చాపుతూ కిందికి తెచ్చేటప్పుడు కటి ఎముక మీదున్న చిన్న గట్టు మీంచో, పక్కనున్న కండరం మీంచో ఒక్కసారిగా ఇవతలికి దూకుతుంది. గిలక మీద గాడి తప్పిన తాడు మళ్లీ గాడిలో పడ్డప్పుడు వచ్చే చప్పుడులాంటిదే ఇది. వైద్యంలో దీన్ని కాక్సా సాల్టాన్స్ అంటారట, గెంతే తుంటి అని అర్థం. మామూలు వాడుకలో స్నాపింగ్ హిప్. బ్యాలే చేసేవాళ్లలో ఎక్కువగా కనబడుతుంది కాబట్టి డాన్సర్స్ హిప్ అనే పేరు కూడా ఉంది.

ఇప్పుడు మీ సైడ్ కిక్ గుర్తు చేసుకోండి. మోకాలు ఎత్తుతారు, తుంటి తెరుస్తారు, తంతారు, తర్వాత కాలు చాపుకుంటూ కింద పెడతారు. ఫిజియో నాకు చేసిన పరీక్ష సరిగ్గా ఈ దారే. అందుకే చప్పుడు తన్నేటప్పుడు కాకుండా దించేటప్పుడు వస్తుంది. మీరు ఎప్పుడొస్తోందో రాయలేదు, ఒకసారి గమనించండి. క్లాసులో అందరి చూపూ కాలు ఎంత ఎత్తుకెళ్లింది అనేదానిమీదే ఉంటుంది, కాలు ఇంటికెలా తిరిగొచ్చిందో ఎవరూ చూడరు.

చప్పుడు తుంటిలో ఎక్కడొస్తోంది అన్నది కూడా ముఖ్యం. మీరు ముందువైపు అన్నారు కాబట్టి నాలాంటిదే అయ్యుండొచ్చు. కొందరికి బయటి పక్కన, ప్యాంటు జేబు దగ్గర తగిలే ఎముక గుబ్బ మీద వస్తుంది. అక్కడ ఐటీ బ్యాండ్ అనే పట్టీ, లేదా పిరుదు కండరం అంచు, ఆ గుబ్బ మీంచి ముందుకీ వెనక్కీ జారుతుంది. చర్మం కింద కదలడం కంటికి కనిపిస్తుంది కూడా. వాళ్లు తుంటి ఊడొస్తోందని హడలిపోతారు, నిజానికి కీలు ఉన్నచోటే ఉంటుంది. బయటిది కనబడుతుంది, లోపలిది వినబడుతుంది అని డాక్టర్లు గుర్తుపెట్టుకుంటారట. ఒకసారి టిక్కుమని మళ్లీ ఓ ఇరవై నిమిషాల దాకా ఎంత తిప్పినా రాకపోతే అది మెటికల్లాంటి గాలిబుడగ చప్పుడు, దాన్ని వదిలెయ్యండి. టెండన్ అయితే ప్రతిసారీ వస్తుంది.

పట్టించుకోవాల్సింది ఇంకొకటుంది. తొడ ఎముక గుండు కూర్చునే గిన్నె అంచుకి లేబ్రమ్ అని మెత్తటి ఎముక చుట్టు ఉంటుంది. అది చిరిగితే వచ్చేది వేరే రకం: లోతుగా నొప్పి, కాలు మధ్యలో ఇరుక్కున్నట్టు పట్టెయ్యడం, ఉన్నట్టుండి పట్టు తప్పడం, ఎక్కువసేపు కూర్చుని లేస్తే గజ్జల్లో పోటు. ఎక్కడ నొప్పి అంటే వేలితో ఒక చోటు చూపించలేక బొటనవేలూ చూపుడువేలూ తెరిచి తుంటిని చుట్టి పట్టుకుని చూపిస్తారు. ఇలా ఉంటే ఎవరి సలహాలూ చదువుతూ కూర్చోకండి, నావి కూడా. ఆర్థో దగ్గరికి వెళ్లండి. ఎక్స్‌రేలో ఎముక ఆకారం తెలుస్తుంది గానీ లేబ్రమ్ కనబడదు, దానికి ఎమ్మారై కావాలి. ఇంకో మాట, మీకు కాదు, ఇది చదివే పిల్లల తల్లిదండ్రులకి: పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లలు బలంగా కిక్ కొట్టినప్పుడు ఒక్కసారి పెద్దగా ఫట్‌మని, వెంటనే నొప్పితో నడవలేకపోతే అది ఈ కథ కాదు. ఆ వయసులో కండరం అతుక్కున్నచోట ఎముక ముక్క ఊడిరావచ్చు. ఆ రోజే ఎక్స్‌రే తీయించాలి.

సరే, నా విషయానికొస్తాను. వ్యాయామాలకంటే ముందు నన్ను మార్చింది నిలబడిన కాలు. మాస్టర్‌కి చెప్పడానికి మొహమాటపడి ఆర్నెల్లు దాచాను. చివరికి చెప్తే ఆయన వెనకనుంచి వీడియో తీసి చూపించారు. నేను రౌండ్‌హౌస్ కొడుతుంటే నిలబడిన పాదం సగమే తిరుగుతోంది. మడమ లక్ష్యం వైపు చూడాల్సింది, నాది పక్కకి చూస్తోంది. పాదం తిరగకపోతే కటి తిరగదు. కటి తిరగకపోతే కాలి బరువంతా తుంటి ముందున్న ఆ ఒక్క కండరమే లాక్కుని పైకెత్తాలి. పైగా ఎముకకి ఎముక అడ్డం పడుతుంది.

అడ్డం పడటమేంటో ఇప్పుడే చూసుకోవచ్చు. పాదాలూ మోకాళ్లూ సూటిగా ముందుకి పెట్టి, నిటారుగా నిలబడి కాళ్లు పక్కలకి తెరుస్తూ వెళ్లండి. ఒకచోట ఆగిపోతుంది. ఇప్పుడు పిరుదులు కొంచెం వెనక్కి తోసి నడుం ముందుకి వంచండి, లేదా మోకాళ్లు బయటికి తిప్పండి. ఇంకొంచెం తెరుచుకుంటాయి. అర సెకనులో కండరం సాగలేదు కదా, ఎముక పక్కకి తప్పుకుంది అంతే. ఒక్కొక్కరికి ఆ గిన్నె లోతూ, అది చూసే దిశా వేరు. పక్కవాడు తలెత్తుకి అవలీలగా తన్నడంలో వాడి సాధనతో పాటు వాడి ఎముకల వాటా కూడా ఉంది. ఇది తెలిశాక నాకు సగం బాధ తీరింది.

ఆరు వారాలు నడుం పైకి కిక్ కొట్టలేదు. కావాలని టక్కుమనిపించడం పూర్తిగా ఆపాను, ఇదే అన్నిటికంటే కష్టమైంది, చెయ్యి దురద లాంటిది. ఆ లాగుడు స్ట్రెచ్ తగ్గించి, పిరుదు బిగించి పట్టి ముప్ఫై సెకన్లు, అదీ ప్రాక్టీస్ అయ్యాక మాత్రమే చేశాను. ఫిజియో చెప్పినదాని ప్రకారం నా కండరం బిగుసుకుంది నిజమే గానీ, దానికి అసలు జబ్బు బలం లేకపోవడం. గోడ పట్టుకుని మోకాలు నడుం కంటే పైకి ఎత్తి ఐదు సెకన్లు ఆపమంది. మొదటిరోజు మూడో సెకనుకే వణికింది. వెల్లకిలా పడుకుని పాదాలకి రబ్బరు బ్యాండ్ తగిలించి ఒక్కో మోకాలే పొట్టవైపు లాగడం, పక్కకి పడుకుని కాలు ఎత్తడం, బ్రిడ్జ్ (వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుం పైకెత్తడం), ఇవి రోజు మార్చి రోజు చేశాను. పిరుదు పక్క కండరాలు గట్టిపడితే నిలబడిన కాలి మీద కటి ఒరిగిపోదు, అది కిక్‌కి నేరుగా పనికొస్తుంది. క్లాసు చివర చేయించే లెగ్ రైజెస్ మాత్రం మానేశాను. పొట్టకని చేయిస్తారు గానీ, రెండు కాళ్లూ చాపి దించుతుంటే నాకు వరసగా టక్ టక్ టక్.

బాగా పనిచేసింది మాత్రం నెమ్మది కిక్. గోడ పట్టుకుని, మోకాలు ఎత్తడానికి మూడు అంకెలు, చాపడానికి మూడు, మళ్లీ మడవడానికి మూడు, దించడానికి మూడు. చప్పుడు రాని ఎత్తులోనే. నాకది మొదట్లో మోకాలి ఎత్తు వరకే, చూసేవాళ్లకి నవ్వొచ్చేంత కిందికి. అలా చేస్తుంటే దొరికింది అసలు కిటుకు: తన్నాక కాలుని పక్కనుంచి అలాగే జారవిడవకుండా, పూర్తిగా మడిచి, మోకాలిని పొట్ట ముందుకి తెచ్చి, అప్పుడు దించాలి. అలా చేస్తే పదిలో ఎనిమిదిసార్లు చప్పుడు రాలేదు. తమాషా ఏంటంటే మాస్టర్ మొదటి రోజునుంచీ చెప్తున్నది కూడా అదే, "తన్నిన కాలు వెనక్కి లాక్కో" అని. ఎదుటివాడు పట్టుకోకుండా అనుకున్నాను నేను.

ఆరో వారానికి నొప్పి పోయింది. చప్పుడు పూర్తిగా పోలేదు. ఇప్పటికీ ఒళ్లు చల్లగా ఉన్నప్పుడు మొదటి పది కిక్కులకి అప్పుడప్పుడు పలకరిస్తుంది. నొప్పి లేని స్నాపింగ్ హిప్‌కి వైద్యం అక్కర్లేదనే డాక్టర్లు కూడా అంటారు. నొప్పి ఉన్నవాళ్లలో కూడా ఎక్కువమందికి విశ్రాంతి, ఫిజియోతో తగ్గుతుంది. అప్పటికీ తగ్గకపోతే ఇంజెక్షన్, చాలా అరుదుగా టెండన్‌ని కోసి వదులు చేసే సర్జరీ. ఆ సర్జరీ తర్వాత మోకాలు ఎత్తే బలం కొన్నాళ్లు తగ్గొచ్చు, కిక్ కొట్టేవాళ్లకి అది చిన్న విషయం కాదు.

బెల్ట్ టెస్ట్‌కి వెళ్లండి. నెల టైముంది కాబట్టి ఈ వారమే మీ మాస్టర్‌కి విషయం చెప్పి, వెనకనుంచి ఒక వీడియో తీయించుకోండి, నిలబడిన పాదం ఎటు చూస్తోందో చూసుకోండి. టెస్ట్ రోజున చెమట పట్టేదాకా వార్మప్ చేసి, నడుమెత్తులోనే శుభ్రంగా తన్ని, మోకాలు ముందుకి తెచ్చి దించండి. ఈలోగా గజ్జల్లో లాగడం మొదలైతే మాత్రం టెస్ట్ వాయిదా వేసుకుని ఫిజియోకి చూపించండి. చప్పుడు ఎత్తేటప్పుడా, దించేటప్పుడా అన్నది చూసి ఇక్కడే రాయండి. ఎత్తేటప్పుడే అయితే నేను చెప్పిన దించే కిటుకు మీకు అంతగా పనికిరాకపోవచ్చు.