రాష్ట్ర జంతువు దీవుల్లో బెడద ఎలా అయింది?

ప్రశ్న: ఇటీవల అండమాన్ వెళ్ళినప్పుడు రాస్ దీవిలో చుక్కల జింకలు యాత్రికుల చేతిలోని తిండికి ఎగబడడం చూశాం. బ్రిటిష్‌వారు తెచ్చి వదిలిన ఈ జంతువు వల్ల అక్కడి అడవికి చేటని గైడు చెప్పాడు. మన ఏటూరునాగారం అడవిలోని దుప్పి అక్కడ చేటు ఎలా అయింది? వాటిని పట్టి తెచ్చి మన అడవుల్లో వదలకూడదా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీ గైడు చెప్పినది నిజమే. 2014లో తెలంగాణ తన రాష్ట్ర జంతువుగా ఎంచుకున్న చుక్కల దుప్పికి సొంత నేల భారతదేశం, శ్రీలంక, నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్‌లు మాత్రమే. అండమాన్‌కు దానిని ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో వేట కోసం తీసుకువెళ్ళారు.

దుప్పికి ఈనే కాలమంటూ కచ్చితంగా ఒకటి ఉండదు. ఏడున్నర నెలలు మోసి సాధారణంగా ఒక్క పిల్లనే కంటుంది గాని, ఈనిన కొద్ది నెలలకే మళ్ళీ చూలు కట్టగలదు. మన అడవిలో ఈ పెరుగుదలను చిరుత, రేచుకుక్కలు, కొండచిలువ, పులి ఉన్నచోట పులి ఎప్పటికప్పుడు కోసివేస్తాయి. ఎండాకాలం తెల్లవారుజామున ఇప్పచెట్టు కింద రాలిన పువ్వును ఏరుకు తినే మందను చూసినవారికి ఈ సంగతి బాగా తెలుస్తుంది: నాలుగు దుప్పులు తల వంచితే ఒకటి చెవులు నిక్కించి నిలబడుతుంది, కొమ్మ మీది కొండముచ్చు ఒక్క అరుపు అరిచిందంటే మంద మొత్తం మాయమవుతుంది. ఒకచోట కుదురుగా నిలిచి ప్రతి మొలకనూ మొదలంటా మేసే తీరిక దానికి ఇక్కడ దొరకదు. అండమాన్‌లో పులీ లేదు, చిరుతా లేదు, రేచుకుక్కా లేదు. అందువల్ల అక్కడ పెద్ద చెట్లు నిలిచే ఉన్నా వాటి కింద లేత మొక్కలు ఎదగక, అడవి లోపల ఖాళీ పడుతోంది.

ఇంతకన్నా పెద్ద ఉదాహరణ పసిఫిక్ సముద్రంలోని హవాయి. 1868లో హాంకాంగ్ నుంచి అక్కడి రాజు ఐదవ కమేహమేహాకు కానుకగా వచ్చిన కొద్దిపాటి దుప్పులను మొలొకాయి దీవిలో వదిలారు. తరువాత అవి లనాయికి, 1959లో మావీకి చేరాయి. అవి ఈదుకుంటూ పోలేదు, ప్రతిసారీ మనుషులే మోసుకుపోయారు. 2009లోనైతే కొందరు అడవిగొర్రెలకు మారుగా దుప్పులను హెలికాప్టర్‌లో దొంగచాటుగా మరో దీవికి చేర్చి కేసుల పాలయ్యారు. ఆ దీవులకు సొంతమైన నేలజంతువుల్లో పాలిచ్చేది గబ్బిలం ఒక్కటే కాబట్టి, గిట్టల జంతువు పళ్ళకు తట్టుకునే ముళ్ళు, చేదు అక్కడి మొక్కల్లో చాలావాటికి లేవు. గడ్డి పోయిన వాలు మీద వాన పడితే ఎర్రమట్టి కొట్టుకుపోయి సముద్రంలోని పగడపు దిబ్బలను కప్పేస్తుంది. కరువు రోజుల్లో వేల దుప్పులు పచ్చిక బీళ్ళ మీద పడటంతో 2021లో మావీ ప్రాంతంలో అత్యవసర పరిస్థితి ప్రకటించవలసి వచ్చింది. చిత్రమేమిటంటే, అక్కడ అవి ఇష్టంగా తినేవాటిలో మన సర్కారు తుమ్మకు దగ్గరి బంధువైన చెట్టు కాయలు కూడా ఉన్నాయి. ఆ చెట్టూ అక్కడికి బయటి నుంచి వచ్చినదే.

ఇక మీ రెండో ప్రశ్న. దుప్పి మహా పిరికి జంతువు. వల వేసి, కాళ్ళు కట్టి మోస్తే ఆ బెదురుకే కండరాలు దెబ్బతిని చచ్చిపోవచ్చు. మధ్యప్రదేశ్‌లో చేయి తగలకుండా, గరాటు ఆకారపు దడిలోకి మెల్లగా మళ్ళించి నేరుగా లారీ ఎక్కించి, ఒక అడవి నుంచి మరో అడవికి తరలిస్తున్నారు. అది ఒక్క రోడ్డు ప్రయాణం. అండమాన్ నుంచైతే రోజుల తరబడి ఓడలో తేవాలి. పైగా మన వైపు దుప్పి తగ్గిన చోట కొరత విత్తనానిది కాదు. పొలం గట్టున రాత్రిపూట వదిలే కరెంటు తీగ, నీటి గుంట దారిలో పన్నే ఉచ్చు అలాగే ఉన్నంతకాలం, ఓడలో తెచ్చిన దుప్పి కూడా ఆ తీగకే తగులుతుంది.