డీబీకింగ్ చేసినా ముక్కు మళ్లీ పెరిగితే

అన్నా, కోడిపిల్లలకి పదో రోజున వేడి బ్లేడుతో డీబీకింగ్ (ముక్కు మొన కత్తిరించడం) చేయించినా పదో వారానికి ముక్కులు పెరిగి ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి, ఇన్‌ఫ్రారెడ్ కిరణాలతో చేసే పద్ధతికి మారాలా అని అడిగారు. మీరు చెప్పినదాన్ని బట్టి లోపం కాల్చడంలోనే ఉండొచ్చు. బ్లేడు 600–650 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. రంగు చూసి నమ్మొద్దు, షెడ్డు వెలుతురులో కన్ను మోసపోతుంది, మీటరుతో కొలవండి. ముక్కుపుటం నుంచి 2 మి.మీ. వదిలి తెగేలా, డీబీకింగ్ యంత్రంలో ముక్కు పెట్టే ప్లేటు రంధ్రం ఎంచుకోండి. తెగాక 2 సెకన్లు బ్లేడుకే ఆనించాలి. తొందరలో లాగేస్తే రక్తం కారుతుంది, పెరిగే పొర కాలక ముక్కు మళ్లీ వస్తుంది. అతిగా కాలిస్తే మొనలో నరాల గడ్డ కట్టి పిల్ల మేత తగ్గిస్తుంది.

ఇన్‌ఫ్రారెడ్ హేచరీలో (గుడ్లు పొదిగించే చోట) తొలిరోజే చేస్తారు. కోత, రక్తం ఉండవు, మొన రెండు మూడు వారాల్లో మెత్తబడి రాలుతుంది. దొరికితే నేను దానికే ఓటేస్తాను. కానీ తొలివారం నీళ్ల మీద కన్నేయాలి: పిల్లలు నీళ్లు తాగే నిపుల్‌ని ఏ పక్కనుంచి తాకినా నీళ్లు సులువుగా కారాలి.

ఇప్పటి బ్యాచ్‌కి 12 వారాల్లోపు మొన మాత్రమే సరిచేయించండి. జబ్బు గానీ టీకా ఒత్తిడి గానీ ఉంటే ఆగండి. కోతకి ముందు రెండు రోజులు, తర్వాత మూడు రోజులు నీళ్లలో విటమిన్ కె ఇవ్వండి. ఫీడర్‌లో దాణా లోతుగా పోయండి, కోసిన మొన అడుగు రేకుకి తగలకూడదు.