పిల్లిచెవుల అమ్మాయిని ఏమనాలి?

సందేహం: జపాన్ బొమ్మల సినిమాల్లో మనిషి ఒళ్ళు, పిల్లి చెవులు, తోక ఉన్న ఆడపిల్లలు కనిపిస్తారు. ఇంగ్లీషులో క్యాట్‌గర్ల్ అంటున్నారు. అలాంటి అమ్మాయి బడికి వెళ్ళే, స్నేహితులతో పోట్లాడే పిల్లల కథ ఒకటి అనువదిస్తూ నేను 'పిల్లిపిల్ల' అని రాస్తే ఇంట్లో అందరూ నవ్వారు. 'పిల్లిమనిషి' అనాలా, 'మనిషిపిల్లి' అనాలా? నరసింహుడు ఉన్నాడు కాబట్టి 'నరమార్జాలం' అనవచ్చా? ఇలాంటి పాత్ర 'వచ్చాడు' అనాలా, 'వచ్చింది' అనాలా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: నవ్వినవాళ్ళను తప్పుపట్టలేం. పిల్ల అంటే ఆడపిల్లా అవుతుంది, ఏ జంతువు కూనైనా అవుతుంది. పక్కన పిల్లి వచ్చి కూర్చుందంటే మొదటి అర్థం ఇల్లు ఖాళీ చేసినట్టే. సంస్కృతంలోకి పారిపోయి 'మార్జాలకిశోరి' అందామన్నా గతి అంతే. కిశోరం మొదట గుర్రప్పిల్ల, ఆ తరువాతే పడుచువాడు. పైగా మార్జాలకిశోర న్యాయం ఒకటి ఉండనే ఉంది. తల్లి నోట కరుచుకుని తీసుకుపోతుంటే నిశ్చింతగా వేలాడే కూన కళ్ళ ముందుకొస్తుంది తప్ప మీ కథానాయిక రాదు.

'పిల్లిమనిషి'కి వేరే చిక్కు. వీధిలో పులి, ఇంట్లో పిల్లి అని వాడుక ఉన్న భాష మనది. వినేవాడు ముందు మెతకమనిషినే అనుకుంటాడు, చెవులూ తోకా అతనికి తట్టవు. 'మనిషిపిల్లి' అంటే చివరికి మిగిలేది పిల్లి. మీ పాత్ర బడికి వెళ్తుంది, స్నేహితులతో పోట్లాడుతుంది అంటున్నారు కాబట్టి అదీ కుదరదు.

ఇక నరసింహుడు. ఆయన్ను మీరే తెచ్చారు కనుక అక్కడ కాసేపు ఆగుతాను. ఆగమని నన్నెవరూ బలవంతపెట్టనక్కర్లేదు కూడా.

ముందు ఒక మెలిక. 'స్యురుత్తరపదే వ్యాఘ్రపుంగవర్షభకుంజరాః, సింహశార్దూలనాగాద్యాః పుంసి శ్రేష్ఠార్థగోచరాః' అన్నాడు అమరకోశంలో అమరసింహుడు. ఉత్తరపదంగా, అంటే సమాసంలో చివరి మాటగా, ఈ జంతువుల పేర్లు వస్తే శ్రేష్ఠుడని అర్థం. 'ఉత్తిష్ఠ నరశార్దూల' అని తెల్లవారుతూనే సుప్రభాతం వింటున్నాం. రాముడికి పులి మూతి ఉందని ఎవరైనా అనుకున్నారా? ఆ లెక్కన నరమార్జాలం అంటే పురుషులలో పిల్లి వంటివాడు. అది పొగడ్తో తిట్టో మీరే తేల్చుకోండి. అమరంలో 'ఆద్యాః' అని తలుపు ఓరగా తెరిచే ఉంచారు గాని, అందులోంచి పిల్లిని దూర్చిన కవి నా కంటబడలేదు.

మరి నరసింహుడికి ఆ పేరు ఎలా చెల్లింది? మన పురాణాల్లో ఇటువంటివాళ్ళను ఎలా పిలిచారో చూడండి: గజాననుడు, హయగ్రీవుడు, ఋశ్యశృంగుడు, వ్యాఘ్రపాదుడు. అన్నీ బహువ్రీహులే, అంటే 'ఫలానాది కలవాడు' అని అర్థమిచ్చే సమాసాలు. ఏ అవయవం అరువు తెచ్చుకున్నారో ఆ అవయవం పేరే చెప్పారు. చిదంబరం వ్యాఘ్రపాదుడికి పులివి కాళ్ళు మాత్రమే, తుమ్మెదలు ముట్టకముందే చెట్టెక్కి శివుడికి పూలు కోయడానికి. పేరులో అంతే ఉంది. నరసింహుడి దగ్గర ఈ పద్ధతి పనికిరాలేదు. సింహముఖుడు అంటే చాలదు. హిరణ్యకశిపుడి వరం మనిషినీ మృగాన్నీ రెంటినీ కాదంది కాబట్టి, వచ్చినవాడు అటూ పూర్తిగా చెందకూడదు, ఇటూ చెందకూడదు. వ్యాసుడు 'న మృగం న మానుషమ్' అని రెండూ కాదని ఊరుకున్నాడు. పోతన ఏం చేశాడో చూడండి. స్తంభం పగిలింది, పెద్ద వచనంలో ఆ రూపాన్ని నిలువెల్లా వర్ణించాడు, అప్పుడు హిరణ్యకశిపుడు కొయ్యబారి తనలో తాను అనుకుంటాడు:

నరమూర్తిగాదు కేవల
హరిమూర్తియుఁ గాదు మానవాకారముఁ గే
సరియాకారము నున్నది
హరిమాయారచితమగు యథార్థము చూడన్.

మీ సందేహం అక్షరాలా ఇదే. ఎదురుగా నిలబడినదానికి పేరు దొరకడం లేదు. రెండో పాదంలో హరి అంటే సింహం, నాలుగో పాదంలో హరి అంటే విష్ణువు. చచ్చినా ఆ పేరు పలకనని పంతం పట్టినవాడి నోట, సింహం అనబోతే మొదట వచ్చిన మాట హరి! తనకు తెలియకుండా ఒకసారి, తెలిసి ఒకసారి. 'కేవల' అన్న మాట ఎక్కడుందో కూడా చూడండి. వ్యాసుడి 'న'కారం రెంటినీ తోసేస్తే, పోతన 'కేవల' రెంటినీ నిలబెడుతుంది: ఉత్త సింహం కాదు, ఉత్త మనిషీ కాదు, రెండూ ఉన్నాయి. ఆ రెంటినీ సమాసం చేయకుండా 'ఆకారమును, ఆకారమును' అని పక్కపక్కన నిలిపి సముచ్చయంతో ముడివేశాడు. కేసరి అన్న మాటైతే పాదం చివర 'గే' దగ్గర విరిగి, మిగతా సగం కింది పాదంలో పడింది. కందంలో ప్రాస కోసం ఏ మాటైనా విరుగుతుందనే పండితులున్నారు. ఉండనివ్వండి. ఇంకేదీ విరక్క ఆ మాటే విరగడం నాకు సంతోషం.

జనం మాత్రం ఈ మీమాంస పెట్టుకోలేదు. నర్సయ్య, నరసమ్మ అని సింహాన్ని దింపేసి మనిషిని ఉంచుకున్నారు. నర్సింలులో ఇంకా కొంచెం జూలు మిగిలింది.

ఇంత చెప్పింది ఎందుకంటే, రెండు స్వభావాలూ సమానంగా నిండితే తప్ప నరసింహుడి తరహా పేరు పెట్టకూడదని నా అభిప్రాయం. మీ అమ్మాయికి పిల్లివి చెవులూ తోకా మాత్రమే. పాత పద్ధతిలో అవయవమే చెప్పండి: పిల్లిచెవుల అమ్మాయి. పిల్లికళ్ళ అమ్మాయి, పిల్లిగడ్డం ఆసామి మన మాటల్లో ఉన్నవాళ్ళే, వాళ్ళ పక్కన ఈమె ఇమిడిపోతుంది. జపానువాళ్ళూ చేసింది ఇదే. ఇలాంటి పాత్రలను వాళ్ళు నెకోమిమి అంటారు. నెకో అంటే పిల్లి, మిమి అంటే చెవి. మూలంలో చెవి ఉండగా ఇంగ్లీషు మీదుగా తిరిగొచ్చి చెవి పోగొట్టుకోవడం ఏం ఖర్మ!

తక్కినవి క్లుప్తంగా. జపాన్ కథల్లోనే ముసలిదై మాయలు నేర్చి మనిషి వేషం ఎత్తే పిల్లి ఉంది, బకెనెకో. దాన్ని మాయపిల్లి అనవచ్చు. మాయలేడిలో లేడి పైరూపం, ఇక్కడ పిల్లి అసలు రూపం అని ఎవరైనా అభ్యంతరం చెబితే, అభ్యంతరం న్యాయమైనదే గాని మాట బాగుంది. ఈజిప్టు దేవత బాస్టెట్ తొలుత సింహముఖి, తరువాత మార్జాలముఖి. పిల్లి నాలుకతో ఒళ్ళు తుడుచుకుంటుంది కాబట్టి, తుడవడమనే అర్థమున్న మృజ్ ధాతువు నుంచి మార్జాలం. చీపురుకు సమ్మార్జని అని పేరు వచ్చిందీ ఆ ధాతువు నుంచే. 1940లో బ్యాట్‌మన్ కామిక్‌లో 'ది క్యాట్' పేరుతో దిగిన క్యాట్‌వుమన్‌కు పుట్టుకతో వచ్చిన తోకా లేదు, మీసాలూ లేవు. ఆమెను 'పిల్లి స్త్రీ' అని మధ్యలో ఖాళీ వదిలి మరీ రాస్తున్నారు. పీర్ల పండుగకు పులివేషం కట్టినవాణ్ణి 'పులి పురుషుడు' అంటామా? మనిషి ముఖం, మృగం ఒళ్ళు ఉంటే పురుషామృగం అని గుళ్ళలో శిల్పమూ ఉంది, భీముణ్ణి పరుగెత్తించిన కథా ఉంది.

ఒక మాట మాత్రం ఎక్కడా రాయకండి. హైబ్రిడ్ అన్నది కనపడగానే 'సంకరజాతి' అని దించేయడం ఈమధ్య పరిపాటి అయింది. సంకరం ఆవులకూ మొక్కజొన్న విత్తనాలకూ సరిపోతుంది. కథల్లో పాత్రను పశువైద్యశాలకు తోలకండి.

వచ్చాడా, వచ్చిందా అన్నారు. మాట్లాడే మగపాత్ర అయితే మహత్తే (వ్యాకరణంలో మగవాళ్ళను చెప్పే మాటలకు ఆ పేరు), వచ్చాడు. హిరణ్యకశిపుడు 'ఉన్నది' అన్నాడే అంటారా? అతను చెప్పింది ఆకారాన్ని గురించి. వచ్చినవాడెవడో ఇంకా ఒప్పుకోలేదు. ఆడపాత్రతో ఏకవచనంలో బాధే లేదు, పిల్లీ వచ్చింది, అమ్మాయీ వచ్చింది. గుట్టు బయటపడేది బహువచనంలో. 'మూడు వచ్చాయి' అంటే పిల్లులు. మీ పుస్తకంలో 'ముగ్గురు పిల్లిచెవుల అమ్మాయిలు వచ్చారు' అనే అచ్చువేయించండి. వాళ్ళు నాలుగు కాళ్ళ మీద పరుగెత్తే ఘట్టం ఏదైనా ఉంటే, అక్కడ 'వచ్చాయి' అన్నా నేను ఎర్రసిరా పెట్టను.