ఆయన మతం మారాలా?

ప్రశ్న: ఫాదర్, నేను కతోలికురాలిని. నేను చేసుకోబోయే అబ్బాయికి జ్ఞానస్నానం లేదు. మతం మారితేనే చర్చిలో పెళ్లి అని మావాళ్లు పట్టుబడుతున్నారు. ఒకటే టెన్షన్. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, అతను మారాల్సిన పని లేదు. విశ్వాసం కలగకుండా పెళ్లి కోసం నెత్తిన నీళ్లు పోయించుకోమనడం అతన్నీ, ఆ సంస్కారాన్నీ కూడా అవమానించడమే అంటాను.

అయితే జ్ఞానస్నానం లేనివారిని పెళ్లాడేందుకు మేత్రాసనం (బిషప్ గారి కార్యాలయం) నుంచి మినహాయింపు రావాలి. అది లేకపోతే, 1983 నాటి కానన్ చట్టం, అంటే కతోలిక చర్చి చట్టం ప్రకారం ఆ పెళ్లి చెల్లదు. దరఖాస్తు మీ విచారణ గురువే (మీ చర్చి ఫాదరే) పంపుతారు కాబట్టి ముహూర్తం ఖాయం చేసుకోకముందే ఆయన్ని కలవండి. నీ విశ్వాసాన్ని వదలనని, పిల్లలకు జ్ఞానస్నానం ఇప్పించి కతోలికులుగా పెంచడానికి చేతనైనంతా చేస్తానని నువ్వు మాట ఇవ్వాలి. అతను ఇవ్వక్కర్లేదు. నువ్వేం మాట ఇచ్చావో అతనికి తెలిస్తే చాలు.

ఆ కాగితాలు రాసేటప్పుడు నేను జంటను ఎదురుగా కూర్చోబెట్టుకుంటాను. పిల్లల సంగతి రాగానే పెన్ను పక్కన పెట్టి, "నువ్వేమంటావు బాబూ?" అని అడుగుతాను. కొన్ని జంటలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటాయి. అప్పటిదాకా ఆ ఊసే ఎత్తలేదన్నమాట! నువ్వు మాత్రం అక్కడిదాకా ఆగకు, ఈ వారమే అతనితో మాట్లాడు.

ఇంకో సంగతి. చర్చిలో పెళ్లికి ముందుగానీ తర్వాతగానీ మరో మతాచారం ప్రకారం మళ్లీ పెళ్లి చేసుకోవడం కుదరదు. ఇది అతని అమ్మానాన్నలకు ఇప్పుడే నెమ్మదిగా చెప్పండి.