అక్రిలిక్‌తో సాయంత్రపు ఆకాశం వేస్తుంటే రంగులు బురదలా అయిపోతున్నాయి, ఏ వరుసలో వేయాలి?

మీరు రెండు ఇబ్బందులు చెప్పారు. నారింజ, నీలం కలిసే చోట బురద రంగు వస్తోంది, కింద నేల, రాళ్లు అతికించినట్టు కనిపిస్తున్నాయి. హైదరాబాద్‌లోని ఖాజాగూడ గుట్టల మీద సాయంత్రాలు వేయడం నాకు చాలా ఏళ్లుగా ఇష్టమైన పని. అక్కడ నేర్చుకున్నదే చెప్తాను.

బురదకు అసలు కారణం తొందర. నారింజ, నీలం రంగుల చక్రంలో ఎదురెదురుగా ఉండే రంగులు. తడిగా ఉండగా కలిస్తే రెండూ చచ్చిపోయి బూడిద రంగు మిగులుతుంది. పసుపు, నీలం కలిస్తే పచ్చదనం వచ్చేస్తుంది. అందుకని మధ్యలో గులాబీకి చోటు ఉంచాలి. గులాబీ కింద పసుపుతో కలిస్తే నారింజ, పైన నీలంతో కలిస్తే ఊదా. రెండూ ఆకాశానికి కావాల్సినవే.

ముందు బోర్డు అంతా పల్చటి గులాబీ-పసుపు పూత వేసి ఆరనివ్వండి. పైన ఎక్కడైనా సందు మిగిలినా తెల్లగా కనపడదు, వెచ్చగా కనపడుతుంది. ఆరాక పైనుంచి నీలం, కిందనుంచి పసుపు, మధ్యలో గులాబీ. కలిసే చోట శుభ్రమైన వెడల్పాటి ఫ్లాట్ బ్రష్ కొద్దిగా తడిపి, అడ్డంగా రెండు మూడుసార్లు లాగి ఆపేయండి. మన ఎండాకాలంలో బ్రష్ ఎత్తేలోపే రంగు ఆరిపోతుంది. ఫ్యాన్ ఆపి, స్ప్రే సీసాతో నీళ్లు సన్నగా చిమ్ముకోండి. జిగురుగా అనిపించిందంటే ఇక ముట్టుకోకండి. సగం ఆరిన అక్రిలిక్‌ను రుద్దితే పూత పొరలుగా లేచొస్తుంది. బాగా ఆరిపోతే మాత్రం నీళ్లకు కరగదు. ఈ గుణమే మనకు వరం. మర్నాడు దాని మీద పల్చగా ఇంకో గులాబీ పూత వేసినా కింది నీలంతో కలవదు, అద్దంలోంచి చూసినట్టు లోపలి రంగు కనిపిస్తూనే ఉంటుంది. నా బొమ్మల్లో ఆకాశానికి లోతు ఈ పల్చటి పూతల వల్లే వచ్చింది. ఇంకొకటి, అక్రిలిక్ ఆరాక కాస్త ముదురుతుంది. అనుకున్నదానికంటే కొంచెం లేతగా కలిపి, ముందు అట్టముక్క మీద ఆరబెట్టి చూడండి.

మబ్బులు దీని తర్వాతే. సూర్యుడు దిగిపోయాక వెలుగు కిందనుంచి తగులుతుంది కాబట్టి మబ్బు అడుగు మెరుస్తుంది, వీపు బూడిద-ఊదాగా ఉంటుంది. చాలామంది తలకిందులుగా వేస్తారు. అంచులన్నీ పదునుగా పెట్టకండి. ఒకవైపు గీతలా ఉంటే, ఇంకోవైపు ఆకాశంలో కరిగిపోవాలి.

ఇక నేల. ఆకాశం ఆరాకే మొదలుపెట్టండి, ఆ రంగుల్లోంచే కలుపుకోండి. నానక్‌రామ్‌గూడ వైపు దూరపు టవర్లకు ఆకాశపు ఊదానే కాస్త ముదురుగా వేస్తాను, కిటికీలు గీయను. సూర్యుడికి ఎదురుగా నిలబడినప్పుడు రాళ్ల మనవైపు ముఖం నీడలో ఉంటుంది, కానీ అది నలుపు కాదు. దగ్గరికెళ్లి చూడండి: గ్రానైట్ గుండు నడినెత్తిన పైఆకాశపు నీలం-ఊదా పరుచుకుని ఉంటుంది, పడమటి అంచున మాత్రం సన్నటి నారింజ చార. ఆ చార ఒక్కటి సరిగ్గా పడితే చాలు, రాయి ఆ ఆకాశం కిందికి వచ్చేస్తుంది. ఫోన్ ఫోటో ఈ రంగుల్ని మింగేస్తుంది. కెమెరా ఆకాశపు వెలుగుకు సర్దుకుని రాళ్లను నల్లగా చేసేస్తుంది. మన దగ్గర సంధ్య ఎక్కువసేపు నిలవదు కాబట్టి చిన్న పుస్తకంలో పెన్సిల్‌తో గీతలు గీసి, పక్కనే రంగుల పేర్లు రాసుకోండి. సెప్టెంబర్, అక్టోబర్‌లలో వాన వెలిసిన సాయంత్రాలు వదులుకోకండి. దుమ్ము కడిగేసినట్టు ఉండి రంగులు తేటగా కనిపిస్తాయి.

కొనాల్సినవి కొద్దే: అల్ట్రామెరైన్ బ్లూ, ఒక మంచి గులాబీ, వెచ్చటి పసుపు, బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు), టైటానియం వైట్. నల్ల ట్యూబు అక్కర్లేదు, అల్ట్రామెరైన్‌లో బర్న్ట్ సియెన్నా కలిపితే రాళ్ల సందుల్లోని చీకటికి సరిపోతుంది. తెలుపు త్వరగా అయిపోతుంది, పెద్ద ట్యూబే తీసుకోండి. కానీ నారింజను లేత చేయాలంటే ముందు పసుపు కలపండి, తెలుపు ఎక్కువైతే ఆకాశం సుద్దలా పాలిపోతుంది.