తీర్పు చెప్పేవారు దొరికాకే పందెం కట్టండి

ఏ పని మొదలుపెట్టినా రెండు వారాలకే ఆగిపోతోందని, తప్పితే డబ్బు పోయేలా పందెం కట్టుకుంటే ఫలితం ఉంటుందా అని అడిగారు. ఉంటుంది. మూడేళ్లు మూలనపడ్డ నా పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాన్ని అలాగే పూర్తిచేశాను. అయితే అంతకుముందు రెండుసార్లు పందెం కట్టి విఫలమయ్యాను. మీకు ఎక్కువగా పనికొచ్చేవి ఆ రెండే అనుకుంటున్నాను.

మొదటిసారి తీర్పరి మా ఆయన. ఈ వారం గట్టిగా రాస్తాను, లేకపోతే ఒకరోజు జీతం అనాథాశ్రమానికి ఇస్తాను అన్నాను. గట్టిగా అంటే ఎంతో చెప్పుకోలేదు. పైగా ఓడినా డబ్బు మంచి పనికే పోతుంది కాబట్టి భయమే లేదు. ఆదివారం రాత్రి ఆయన నా ముఖం చూసి "పోనీలే, ఒంట్లో బాగాలేదుగా" అన్నారు. పందెం అక్కడితో సరి.

రెండోసారి పందెం మొత్తాన్ని బాగా తగ్గించాను. అది ఇంకా చెడ్డ పని. రాయని రోజున డబ్బు కట్టేసి, బాకీ తీరినట్టు హాయిగా నిద్రపోయేదాన్ని. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో శిశు సంరక్షణ కేంద్రాలపై యూరీ గ్నీజీ, ఆల్డో రుస్టికీనీ 2000లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇదే జరిగింది. పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు చిన్న జరిమానా పెడితే ఆలస్యాలు తగ్గకపోగా పెరిగాయి. కట్టేస్తే సరిపోతుందనుకుంటే జరిమానా కాస్తా రుసుము అయిపోతుంది.

మూడోసారి మొహమాటం ఎరగని ఒక సహోద్యోగినిని అడిగాను. షరతు కాగితం మీద రాశాం: సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ రాత్రి పదిలోపు 300 కొత్త పదాలు రాసి ఆమెకు పంపాలి. వారం రోజుల జీతం ముందే ఆమె చేతిలో పెట్టాను. తప్పిన ప్రతి రోజుకూ అందులోంచి ఒకరోజు జీతం నాకు ఏమాత్రం గిట్టని ఒక సంస్థకు విరాళంగా వెళ్తుంది. ఈ ఆలోచన నాది కాదు. అప్పట్లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన డీన్ కార్లన్, ఇయన్ అయర్స్ తదితరులు 2008లో ప్రారంభించిన స్టిక్ వెబ్‌సైటులో ఇలాంటి ఏర్పాటు ఉంది.

ఒక రాత్రి తొమ్మిదీ నలభైకి చూసుకుంటే 212 పదాలే ఉన్నాయి. పాదసూచికలు లెక్కలోకి వస్తాయా అని ఆమెకు సందేశం పెట్టాను. "రావు" అని ఒక్క మాటలో జవాబు వచ్చింది. కోపం వచ్చింది కానీ, మిగిలిన 88 పదాలూ వంటగదిలో నిలబడే రాశాను. మా ఆయన తీర్పరి అయి ఉంటే ఆ రాత్రి 212 దగ్గరే ఆగిపోయేది. డబ్బు కంటే ఆ ఒక్క "రావు" నా చేత ఎక్కువ రాయించింది.

ఆసుపత్రిలో చేరాల్సివస్తే మినహాయింపు అన్న మాట కూడా ముందే రాసుకోండి. నేను రాసుకోక, జ్వరంతో ఆసుపత్రిలో ఉన్న మూడు రోజులకూ డబ్బు పోగొట్టుకున్నాను. పందెమే మానేద్దామనిపించింది. అప్పుల్లో ఉన్నవాళ్లు, జూదం అలవాటు ఉన్నవాళ్లు మాత్రం దయచేసి ఈ దారిలోకి రావద్దు.

ఇంకో సంగతి. పందెం గడువు ముగిశాక రెండు వారాలు నేను ఒక్క పేరా రాయలేదు. కెవిన్ వోల్ప్ బృందం 2008లో బరువు తగ్గడంపై ప్రచురించిన పరిశోధనలో 16 వారాలపాటు సొంత డబ్బు పణంగా పెట్టినవాళ్లు డబ్బు ప్రోత్సాహకమేదీ లేనివారి కంటే బాగా తగ్గారు, కానీ ఆ ఏర్పాటు ఆగాక కొంత బరువు తిరిగి వచ్చింది. అందుకే నేను మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఒక్కసారిగా ఆపకుండా, వారానికి ఐదు రోజుల షరతును మూడుకు, తర్వాత ఒకటికి తగ్గించుకుంటూ వచ్చాను.

మీది వ్యాయామం అయితే తగ్గాల్సిన కిలోల మీద కాకుండా, రోజూ అరగంట నడక మీద పందెం కట్టండి. కిలోలు మన చేతిలో ఉండవు, నడక ఉంటుంది. మొత్తం ఎంతో తర్వాత చూసుకోవచ్చు. ముందు మీకు తెలిసినవాళ్లలో "పోనీలే" అనని మనిషి ఎవరో వెతకండి.