అడ్వకేట్ కమిషనర్‌ని ఎవరు ఎంచుతారు, ఫీజు ఎవరి చేతికి ఇవ్వాలి?

గట్టు తగాదా కేసులో మీ పిటిషన్ మీద కోర్టు అడ్వకేట్ కమిషనర్‌ని, అంటే పొలం చూసి కొలిపించి రిపోర్టు ఇచ్చే లాయర్ని, వేసింది. ఆయన్ని పొలానికి పంపే కోర్టు కాగితం, అదే వారంటు, ఇంకా జారీ కాలేదు. ఆ లాయరు ఎవరో మీకు తెలియదు, ఫీజు మాత్రం మీరే కట్టాలన్నారు. అవతలివాళ్లు ఆయన్ని మేనేజ్ చేస్తే మన గతేమిటన్నది మీ భయం. సరిగ్గా ఇదే టెన్షన్ మా నాన్నగారికీ ఉండేది. తెనాలి దగ్గర మాకున్న ఎకరం ఇరవై సెంట్ల మాగాణి మీద ఆరేళ్లు కేసు నడిచింది. కమిషనర్ రెండుసార్లు వచ్చారు, రెండుసార్లూ నేను పొలంలోనే ఉన్నాను. నేను లాయర్ని కాదు. చూసింది, మా లాయరుగారు విడమరిచి చెప్పింది రాస్తున్నాను.

ముందు ఎంపిక సంగతి. టెండరు, ఇంటర్వ్యూ లాంటివి ఏమీ ఉండవు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 26వ ఆర్డరు, 9వ రూలు కింద కోర్టు తనకు తగినవారనిపించినవారిని పంపవచ్చు. మన దగ్గర మామూలుగా అదే కోర్టులో ప్రాక్టీసు చేసే లాయర్లలో, ఎక్కువగా జూనియర్లలో, రెండు వైపులా సంబంధం లేని ఒకరి పేరు జడ్జిగారు ఆర్డరులో రాస్తారు. మీరు ఫలానా ఆయన్ని వేయమంటే కుదరదు, అవతలివాళ్లు అడిగినా అంతే. ఆ లాయరుకు మీ ఎదుటిపార్టీతో చుట్టరికమో, పాత కేసో ఉందని తెలిస్తే మాత్రం, ఆయన పొలానికి రాకముందే మీ లాయరు చేత కోర్టులో చెప్పించండి. రిపోర్టు మనకు వ్యతిరేకంగా వచ్చాక చెబితే ఎవరూ పట్టించుకోరు.

కమిషనర్ పని ఏమిటో కూడా మనసులో పెట్టుకోండి. పొలం ఎవరిదో, ఎవరి స్వాధీనంలో ఉందో ఆయన తీర్పు చెప్పరు. కంటికి కనిపించింది, కొలిస్తే తేలింది రాసి, ప్లాను గీయించి ఇస్తారు. హద్దుల తగాదాల్లో ఇది చాలా ముఖ్యం. 2008లో హర్యానా వక్ఫ్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు కూడా ఇలాంటి వాటికి లోకల్ కమిషనర్‌ని వేసి కొలిపించాల్సిందని చెప్పింది. మా లాయరుగారు మా పిటిషన్‌లో దాన్నే చూపించారు.

ఇక డబ్బు. కమిషనర్‌ని వేయమని ఎవరు అడిగితే ముందుగా వాళ్లే కట్టాలి. ఎంత అన్నది కోర్టే నిర్ణయిస్తుంది. అదే 26వ ఆర్డరులోని 15వ రూలు ప్రకారం ఆ మొత్తాన్ని కోర్టులో జమ చేయమని చెప్పవచ్చు. మా ఆర్డరులో మాత్రం 6,000 రూపాయలు నేరుగా కమిషనర్‌కి ఇచ్చి, ఇచ్చినట్టు కోర్టులో మెమో, అంటే చిన్న రాతకాగితం, దాఖలు చేయమన్నారు. సర్వేయరుకు కట్టాల్సింది వేరే, అది చలానా. ఆర్డరులో ఉన్న అంకె తప్ప పొలం గట్టు మీద ఒక్క రూపాయి కూడా చేతులు మారకూడదు. పని పెరిగి కమిషనర్‌కి ఇంకా ఫీజు కావాలంటే కోర్టులో మెమో వేసుకుంటారు, జడ్జిగారు ఎంతంటే అంత కడతాం. రసీదులన్నీ దాచండి, చివరికి కోర్టు మీకు ఖర్చులు ఇప్పిస్తే అందులో కలుస్తాయి.

మాకు వచ్చిన కమిషనర్ చిన్న వయసు అమ్మాయి. ఏప్రిల్ ఎండ. గొలుసు పట్టిన సర్వేయరు వెనకాలే మొత్తం పొలం చుట్టూ నడిచింది. మా నాన్నగారు ఉండబట్టలేక కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చారు. “వద్దు బాబాయిగారూ, అవతల వాళ్లు చూస్తున్నారు” అని తన సంచిలో ఉన్న నీళ్ల సీసా తీసుకుని తాగింది. అక్కడే మోటారు సైకిలు సీటు మీద కాగితాలు పెట్టుకుని, వచ్చినవాళ్లందరి సంతకాలూ తీసుకుంది. ఆ రోజు ఇంటికొచ్చాక నాన్నగారు కడుపునిండా అన్నం తిన్నారు. కేసు పడ్డాక ఆయన అలా తినడం అదే మొదలు.

అయినా మొదటి రిపోర్టు మాకు పనికిరాలేదు. తప్పు ఆ అమ్మాయిది కాదు, మాది. కమిషనర్ వచ్చినప్పుడు రెండు పార్టీలూ ఏమేం కొలవాలో, ఏమేం నోట్ చేయాలో రాసి వర్క్ మెమో ఇస్తాయి. మేము “హద్దులు కొలవవలెను” అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాం. సర్వేయరు పంటకాలువ గట్టును హద్దుగా పట్టుకుని అక్కడి నుంచి కొలిచారు. ఆ గట్టు రెండు పూడికతీతల్లో జరుగుతూ వచ్చింది. లెక్కలో మా పొలం మూడు సెంట్లు తగ్గింది. మేము అభ్యంతరాలు దాఖలు చేసి, కమిషనర్‌ని సాక్షిగా పిలిచి అడిగితే, “సర్వే రాయి నుంచి కొలవమని నన్ను ఎవరూ అడగలేదు” అని ఉన్నమాట చెప్పింది. ఆ మాట మీదే జడ్జిగారు మళ్లీ కొలవమని వారంటు ఇచ్చారు. ఈసారి ఎఫ్.ఎం.బి. (సర్వే నంబరు కొలతలు చూపే సర్వే శాఖ పటం) నకలు జతచేసి, మూడు సర్వే నంబర్లు కలిసేచోట ఉన్న రాయి నుంచి కొలవాలని, ఆ రాయి పూడిపోయి ఉంటే తవ్వి చూడాలని రాశాం. జానెడు లోతున బయటపడింది. కానీ ఈలోగా పద్నాలుగు నెలలు పోయాయి, ఫీజు మళ్లీ కట్టాం.

మీ వారంటు ఇంకా జారీ కాలేదన్నారు కదా. ఎఫ్.ఎం.బి. నకలుకు, మీ సర్వే నంబరుతో పాటు అవతలివాళ్ల నంబరుకు కూడా, రేపే దరఖాస్తు పెట్టండి. వర్క్ మెమో మీ లాయరు గుమాస్తాకు వదిలేయకుండా పక్కన కూర్చుని రాయించండి. చెట్టు, బోరు, పాత కంచె గుంజ, ఏది ఎక్కడుందో చెప్పాల్సింది మీరే. కమిషనర్ వచ్చే రోజున తప్పకుండా వెళ్లండి, నోటీసు అందాక మీరు రాకపోయినా పని ఆగదు. రిపోర్టు దాఖలైన రోజే నకలు తీసుకుని, అభ్యంతరాలకు కోర్టు ఇచ్చిన వాయిదా ఎప్పుడో లాయరుని అడిగి రాసిపెట్టుకోండి.